తమ్ముడికి 21 రోజులకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్, ఇక వేయించుకోనంటున్నాడు... ఏం చెప్పి ఒప్పించాలి?

తమ్ముడి_అక్క:

అందరికీ నమస్తే. ఇక్కడ పోస్ట్ పెట్టడం ఇదే మొదటిసారి, కొంచెం పొడుగైతే ఓపిగ్గా చదవండి ప్లీజ్.

మా తమ్ముడికి 13 ఏళ్లు. పోయినేడాది ఒకరోజు మోకాలు వాచింది, ఆటల్లో ఎక్కడో పడుంటాడులే అనుకున్నాం. రెండ్రోజులకి మోకాలు తగ్గి చీలమండ పట్టుకుంది, అది సర్దుకునేలోపు మణికట్టు. దుప్పటి అంచు తగిలినా కేక పెట్టేవాడు, ఒళ్లు కాలిపోయేది. నొప్పి బిళ్లలు వేస్తే వారం పది రోజుల్లో అన్నీ పోయాయి, లేచి తిరిగాడు, మేమూ మర్చిపోయాం. నాలుగు నెలల తర్వాత మెట్లెక్కితే ఆయాసం మొదలైంది, పడుకున్నప్పుడు ఛాతీ మీద చెయ్యి వేస్తే లోపల పిట్ట కొట్టుకుంటున్నట్టు ఉండేది. ఎకో (గుండె స్కాన్) తీశారు. రుమాటిక్ గుండె జబ్బు, గుండెలో రక్తం వెనక్కి పోకుండా ఆపే మైట్రల్ వాల్వ్ లీకవుతోంది, ఆపరేషన్ ఇప్పుడే అక్కర్లేదు కానీ 21 రోజులకోసారి బెంజాథిన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ చాలా ఏళ్లపాటు తప్పకుండా వేయించాలి అన్నారు. అంతకుముందు గొంతు నొప్పి వచ్చిందా అని డాక్టరు గారు అడిగితే అమ్మ నా మొహం చూసింది, నేను అమ్మ మొహం చూశాను. ఒక్క గదిలో ఆరుగురం పడుకుంటాం, ఎవరో ఒకరికి దగ్గో గొంతు నొప్పో ఉంటూనే ఉంటుంది, ఎవరికి ఎప్పుడొచ్చిందో ఏం గుర్తుంటుంది.

మొదటి ఆరు నెలలు ఒక్కటి కూడా తప్పలేదు. ఆ తర్వాతే కష్టమైంది. ఇంజెక్షన్ వేసిన చోట రాయిలా గట్టిపడుతుంది, రెండు రోజులు కుంటుతాడు, క్లాసులో బెంచీ మీద ఒక పక్కకి ఒరిగి కూర్చుంటాడట, పిల్లలు ఏడిపిస్తారట. తీసుకెళ్లాలంటే అమ్మో నాన్నో ఒకరు ఆ రోజు పని మానుకోవాలి, మానుకుంటే ఆ రోజు కూలి లేదు. ఒకసారి అంత దూరం వెళ్తే మందు స్టాక్ లేదు వచ్చే వారం రండి అన్నారు, ఆ వచ్చే వారం ఎవరికీ కుదర్లేదు, అలా ఒకటి పోయింది. ఈసారి వాడే ససేమిరా రానన్నాడు. "నాకేం లేదక్కా, బానే పరిగెడుతున్నా కదా, ఎందుకు పొడిపిస్తారు" అంటాడు. చూస్తే నిజంగానే బాగున్నాడు, నా దగ్గర జవాబు లేదు.

బాగున్నప్పుడు కూడా ఇది అంత అవసరమా? బిళ్లలతో సరిపెట్టుకోవచ్చా? ఇంకెన్నేళ్లు? ఇంకోటి, నాకు రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వనిది... మేం శుభ్రంగా ఉంచకపోవడం వల్ల వచ్చిందా ఇది? అమ్మ అలాగే అనుకుని ఏడుస్తోంది.


ఇంజెక్షన్_రూమ్_నర్స్:

చెల్లీ, ముందు ఆ చివరి ప్రశ్నకి చెప్తా. అమ్మ తప్పేం లేదు. ఈ మాట అమ్మకి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పు, మిగతాది తర్వాత చదువుకో.

నేను ఈ ఇంజెక్షన్లు 16 ఏళ్లుగా వేస్తున్నా. మీ వాడికి నొప్పి అంటున్నావు కదా, అది మొండితనం కాదు, నిజంగానే నొప్పి ఎక్కువుండే ఇంజెక్షన్ ఇది. ఈ మందు పొడి రూపంలో వస్తుంది, నీళ్లు కలిపినా కరగదు, చిక్కటి పాలలా తెల్లగా ఉంటుంది, కలిపి పక్కన పెట్టేస్తే అడుక్కి దిగి సూదిలో ఇరుక్కుంటుంది. ఇరుక్కుంటే సూది బయటికి తీసి ఇంకోసారి గుచ్చాలి, అదుగో ఆ రెండో పోటు దగ్గరే పిల్లాడు మనకి శాశ్వతంగా దూరమైపోతాడు. అందుకే నేను పిల్లాడిని పడుకోబెట్టి అంతా సిద్ధం చేసుకున్నాకే మందు కలుపుతా. ఫ్రిజ్‌లోంచి తీసిన మందైతే సిరంజిని గుప్పిట్లో పెట్టుకుని చల్లదనం పోయేదాకా ఆగుతా. గుచ్చే చోట బొటనవేలితో గట్టిగా ఒక పది సెకన్లు నొక్కి పట్టి అప్పుడు గుచ్చుతా, నరానికి ఆ నొక్కుడు తెలుస్తుంది కాబట్టి పోటు తక్కువ తెలుస్తుంది. గుచ్చాక మాత్రం తొందర పడకూడదు, రెండు మూడు నిమిషాలు పట్టినా సరే మెల్లగా తోయాలి, పక్కన ఎంత మంది క్యూలో ఉన్నా సరే. చాలా చోట్ల ఆ రెండు నిమిషాలు ఇవ్వరు, గదిలో ఒక్క నర్సు ఉంటే ఎలా ఇస్తుంది, అదీ నిజమే.

మందులో లిగ్నోకెయిన్ అనే మొద్దుబార్చే మందు కొంచెం కలిపి వేస్తే నొప్పి బాగా తగ్గుతుంది, న్యూజీలాండ్‌లో పిల్లలకి ఇలా వేసి చూశారు, నొప్పీ భయమూ రెండూ తగ్గాయి. దీనికి డాక్టరు రాయాలి, మీరే అడగండి, అడిగితే ఎవరూ ఏమనరు. ఖాళీ కడుపుతో తీసుకెళ్లొద్దు, నీళ్లు బాగా తాగించి తీసుకెళ్లండి. వేసిన వెంటనే లేపకుండా ఒక పావుగంట ఇరవై నిమిషాలు పడుకోబెట్టండి, ఆ తర్వాత నడిపించండి, నడిస్తే గడ్డ త్వరగా కరుగుతుంది. ఒకసారి కుడి, ఒకసారి ఎడమ. ఈ రోజు ఏ పక్క వేయాలో వాణ్ణే చెప్పమనండి. 13 ఏళ్ల పిల్లాడు, వాడి ఒళ్లు, వాడి మాట ఒక్కటన్నా చెల్లాలి కదా.

తప్పిపోయింది కదా అని వచ్చే తేదీ దాకా ఆగొద్దు. రేపు కుదిరితే రేపే వెళ్లండి, అక్కణ్ణుంచి మళ్లీ 21 లెక్క పెట్టండి. గదిలోంచి బయటికి వచ్చేముందే తర్వాతి తేదీ కార్డు మీద రాయించుకోవాలి. బయల్దేరే ముందు రోజు ఫోన్ చేసి స్టాక్ ఉందా అని కనుక్కోండి. ఈ మందు చాలా పాతది, చాలా చవక, తయారుచేసే కంపెనీలు ప్రపంచం మొత్తం మీద కొన్నే, ఎక్కడైనా ఒక ఫ్యాక్టరీ ఆగితే చాలా దేశాల్లో కొరత వస్తుంది, కాబట్టి మీకు జరిగింది మీ ఒక్కరికే జరిగింది కాదు. కానీ స్టాక్ లేనప్పుడు రోగిని ఉత్త చేతుల్తో పంపకూడదు. మందు వచ్చేదాకా బిళ్లలు రాసివ్వాలి, లేదా ఎక్కడుందో కనుక్కుని అక్కడికి పంపాలి. నేనైతే అలా చేస్తా, మీరు కూడా అడగండి.


రాత్రి_డ్యూటీ:

ఒక డౌట్. పెన్సిలిన్ పడక రియాక్షన్ వచ్చి చనిపోయారని వింటుంటాం కదా, అలాంటిది చిన్నపిల్లాడికి 21 రోజులకోసారి వేయించడం రిస్కు కాదా? రోజూ రెండు బిళ్లలు వేసుకుంటే పోయేదానికి ఇంత యాతన ఎందుకు? తప్పుగా అడిగితే క్షమించండి, మా ఇంట్లో కూడా ఇదే గొడవ.


ఎకో_గది:

నేను గుండె డాక్టర్ని, ఎక్కువ సమయం పిల్లలకి ఎకో తీయడంలోనే గడుస్తుంది. ఇద్దరి ప్రశ్నలకీ కలిపి రాస్తాను, కొంచెం పెద్దదవుతుంది.

ముందు బాబు అడిగిన ప్రశ్న, బాగానే ఉన్నాను కదా ఎందుకు అని. గ్రూప్ ఏ స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా గొంతులో చేరుతుంది, ఎక్కువగా 5 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో. దాన్ని చంపడానికి ఒంట్లో పుట్టిన రక్షణ శక్తి కొందరు పిల్లల్లో పొరపాటు పడుతుంది, బాక్టీరియాకీ మన గుండె వాల్వుకీ పోలికలు ఉండటంతో వాల్వ్ మీదికి కూడా వెళ్తుంది. గొంతు నొప్పి తగ్గిన రెండు మూడు వారాలకి కీళ్లు వాచి జ్వరం వస్తుంది, అదే కీళ్లవాత జ్వరం, రుమాటిక్ ఫీవర్ అంటారు. కీళ్లు ఎంత వాచినా మచ్చ లేకుండా తగ్గిపోతాయి, గుండె వాల్వ్ మీద పడిన దెబ్బ మాత్రం అలాగే ఉండిపోతుంది. ఒకసారి ఇలా పొరపాటు పడిన శరీరం మళ్లీ స్ట్రెప్ గొంతు నొప్పి వస్తే మళ్లీ పడుతుంది. ఒక్కో దాడికి వాల్వ్ ఇంకొంచెం మందమవుతుంది, అతుక్కుంటుంది, లేదా ఇంకా లీకవుతుంది. మీ తమ్ముడు ఇప్పుడు పరిగెడుతున్నాడంటే రెండో దాడి ఇంకా రాలేదని అర్థం. ఈ ఇంజెక్షన్ ఉన్న జబ్బుకి మందు కాదమ్మా, రాబోయే దాడికి అడ్డం. వేసిన మందు ఒంట్లో మెల్లగా కరుగుతూ మూడు నాలుగు వారాలు కాపలా కాస్తుంది, ఆ తర్వాత కాపలా ఉండదు. రెండు ఇంజెక్షన్లు తప్పాయన్నారు కదా, అన్నాళ్లూ తలుపు తీసే ఉన్నట్టు.

మీలో చాలామందికి చెప్పనిది ఒకటుంది. చిన్న వయసులో, లీకు తక్కువగా ఉన్నప్పుడు, తేదీలు తప్పకుండా ఏళ్లపాటు ఇంజెక్షన్ పడిన పిల్లల్లో చాలామందికి లీకు తగ్గిపోతుంది, కొందరికి స్టెతస్కోపులో వినిపించే ఆ లీకు శబ్దం కూడా పోతుంది. నేను నా కళ్లతో తెర మీద చూశాను, అదే పిల్ల, అదే వాల్వ్, మూడేళ్ల క్రితం రంగుల్లో వెనక్కి చిమ్మిన రక్తం ఇప్పుడు సన్నటి గీత. మీ వాడికి ఎంత తగ్గుతుందో నేను మాటివ్వలేను, కానీ పెరగకుండా ఆపే దారి ఇది ఒక్కటే.

బిళ్లల సంగతి. పనిచేస్తాయి, కానీ రోజుకి రెండుసార్లు, ఏళ్ల తరబడి, ఒంట్లో బాగున్నప్పుడు కూడా వేసుకోవాలి. మీ అందరికీ తెలుసు ఏం జరుగుతుందో. పోల్చి చూసిన అన్ని చోట్లా ఇంజెక్షనే మెరుగ్గా కాపాడింది.

రియాక్షన్ భయం గురించి. ఇంజెక్షన్లు వేయించుకుంటున్న 1,790 మందిని, మొత్తం 32,430 ఇంజెక్షన్లని గమనించిన ఒక అంతర్జాతీయ అధ్యయనం 1991లో వచ్చింది. తీవ్రమైన ఎలర్జీ షాక్ వచ్చింది 4 సార్లు, చనిపోయింది ఒక్కరు. అంటే భయం ఉత్తిదని నేను అనను, ఎలర్జీ మందులు దగ్గర పెట్టుకునే చోటే వేయాలి, ముందు ఎప్పుడైనా పెన్సిలిన్ పడలేదా అని అడగాలి. కానీ ఇంజెక్షన్ మానేస్తే వచ్చే ప్రమాదం దీనికన్నా చాలా ఎక్కువ. ఇక్కడ ఒక మినహాయింపు తప్పకుండా తెలుసుకోండి. వాల్వ్ బాగా పాడైపోయి గుండె బలహీనంగా ఉన్నవాళ్లలో ఇంజెక్షన్ వెంటనే కొన్ని మరణాలు జరిగాయి, అవి ఎలర్జీ వల్ల కాదు, నొప్పికీ భయానికీ బీపీ పడిపోయి అలసిన గుండె తట్టుకోలేకపోవడం వల్ల అని ఇప్పుడు అనుకుంటున్నారు. అందుకే అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2022లో, అలాంటి తీవ్రమైన రోగులకి బిళ్లలే మేలు అని చెప్పింది. మీ తమ్ముడిది ఆ స్థితి కాదు అనిపిస్తోంది, ఒకసారి మీ డాక్టరుని ఈ ముక్క అడిగి నిర్ధారించుకోండి. పైన నర్సమ్మ చెప్పిన నీళ్లు, పడుకోబెట్టడం, నొప్పి తగ్గించడం, ఇవన్నీ కూడా అందుకే, సౌకర్యం కోసం మాత్రమే కాదు.

ఎన్నేళ్లు అంటే, అమెరికన్ హార్ట్ అసోసియేషన్ లెక్క ప్రకారం గుండెకి దెబ్బ తగలకపోతే 5 ఏళ్లు లేదా 21వ ఏడు వచ్చేదాకా, వాల్వ్ దెబ్బ మిగిలిపోతే 10 ఏళ్లు లేదా 40వ ఏడు వచ్చేదాకా, ఏది ఎక్కువైతే అది. కొందరికి జీవితాంతం. కొన్ని దేశాల్లో ఈ లెక్క కొంచెం తేడాగా ఉంటుంది. పిల్లాడికి 40 అని చెప్పకండి. ముందు వచ్చే ఎకో దాకా అని చెప్పండి.

ఇక శుభ్రత సంగతి, దీని మీద నాకు కోపం ఉంది కాబట్టి కొంచెం గట్టిగానే రాస్తా. 1940ల చివర్లో అమెరికాలో వయోమింగ్ రాష్ట్రంలో ఒక సైనిక స్థావరంలో యువ సైనికుల మధ్య స్ట్రెప్ గొంతు నొప్పి విపరీతంగా పాకింది. అక్కడే, గొంతు నొప్పికి పెన్సిలిన్ ఇస్తే కీళ్లవాత జ్వరం రాకుండా ఆగుతుందని తేలింది, 1950లో ప్రకటించారు. అదే పరిశోధకులు ఇంకోటి కూడా చూశారు, మంచాలు ఎంత దగ్గరగా ఉంటే జబ్బు అంత ఎక్కువగా అంటుకుంది. వాళ్లు పేదవాళ్లు కాదు, మురికిగా ఉన్నవాళ్లూ కాదు, గట్టి ఒళ్లున్న కుర్రాళ్లు. మంచానికీ మంచానికీ మధ్య దూరం లేదు, అంతే. మీ ఒక్క గదిలో ఆరుగురిది కూడా అదే లెక్క. సంపన్న దేశాల్లో ఈ జబ్బు పెన్సిలిన్ రాకముందే తగ్గడం మొదలైంది, ఇళ్లు విశాలమయ్యాయి కాబట్టి. ఆ దేశాల్లోనే ఆస్ట్రేలియా ఆదివాసీల్లో, న్యూజీలాండ్ మూలవాసులైన మావోరీల్లో, పసిఫిక్ దీవుల కుటుంబాల్లో ఇప్పటికీ పిల్లలకి వస్తోంది. ఒకే దేశం, ఒకే మందులు, ఒకే డాక్టర్లు, గదులు వేరు, ఆసుపత్రికి దూరాలు వేరు. న్యూజీలాండ్‌లో 2013 నుంచి ఈ ప్రమాదం ఉన్న కుటుంబాలకి ఇల్లు వెచ్చగా, విశాలంగా చేసుకోవడానికి ఒక ప్రభుత్వ పథకమే నడుపుతున్నారు. ఇల్లు కూడా వైద్యమే అని ఒప్పుకున్నట్టు కదా. కాబట్టి అమ్మని ఏడవొద్దని చెప్పండి.


లోహపు_వాల్వ్:

చెల్లెలా, నేను మీ తమ్ముడి కథలో రెండో భాగాన్ని. అందుకే రాస్తున్నా.

నాకు 11 ఏళ్లప్పుడు తెలిసింది. 16 దాకా వేయించుకున్నా, ఆ తర్వాత నాకేం లేదుగా అని మానేశా, ఇంట్లో ఎవరూ బలవంతం చేయలేదు, పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు గుండె జబ్బు అని బయటికి తెలిస్తే కష్టం అని వాళ్లకీ అదే నయమనిపించింది. ఎనిమిదేళ్లు నిజంగా ఏమీ కాలేదు. మొదటి కడుపు, ఐదో నెల, పడుకుంటే ఊపిరి ఆడదు, రాత్రంతా గోడకి ఆనుకుని కూర్చునేదాన్ని. కడుపుతో ఉన్నప్పుడు ఆయాసం మామూలేలే అన్నారు అందరూ. దగ్గితే నురగలో ఎరుపు కనిపించిన రోజు ఆసుపత్రికి తీసుకెళ్లారు. మైట్రల్ వాల్వ్ అతుక్కుపోయి దారి సన్నబడిందట. కడుపులో బిడ్డ ఉన్నప్పుడు ఒంట్లో రక్తం దాదాపు సగం పెరుగుతుంది, అదంతా ఆ చిన్న సందులోంచి పోవాలి, పోలేక ఊపిరితిత్తుల్లో నిలిచిపోయింది. తొడ దగ్గర రక్తనాళంలోంచి బెలూన్ పంపి వాల్వుని తెరిచారు. బల్ల మీదే ఊపిరి తేలికైంది, ఆ క్షణం ఇప్పటికీ గుర్తుంది. పాప బతికింది, నేనూ బతికా.

ఆరేళ్లకి మళ్లీ మూసుకుంది, ఈసారి లీకు కూడా ఉంది, లీకున్న వాల్వుకి బెలూన్ పనికిరాదన్నారు, ఛాతీ తెరిచి లోహపు వాల్వ్ పెట్టారు. రాత్రి అందరూ పడుకున్నాక టిక్ టిక్ అని నాకే వినిపిస్తుంది, పాప చెవి ఆనించి వింటూ నిద్రపోయేది. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ రోజూ వేసుకోవాలి, ఎక్కువైతే రక్తం కారుతుంది తక్కువైతే వాల్వ్ మీద గడ్డ పడుతుంది, అందుకే ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష ఎప్పటికప్పుడు చేయించాలి. ఆ పరీక్ష కోసం నేను పోయే దూరం, 21 రోజుల ఇంజెక్షన్ కోసం పోవాల్సిన దూరం కన్నా చాలా ఎక్కువ. వార్ఫరిన్ వేసుకుంటూ కడుపు వస్తే మొదటి మూడు నెలల్లో బిడ్డకి అవకరం రావచ్చు, కాబట్టి ఇంకో బిడ్డ మాట నేను వదిలేసుకున్నా. ఆడపిల్లలకి వాల్వ్ మార్చే ముందు ఈ సంగతి ఎవరైనా కూర్చోబెట్టి చెప్పాలి, నాకు సంతకం పెట్టేటప్పుడు చెప్పారు.

వాల్వ్ మార్చాక పెన్సిలిన్ ఇంజెక్షన్ మళ్లీ మొదలుపెట్టారు, మిగతా వాల్వులు ఉన్నాయి కదా అన్నారు. 16 ఏళ్లకి నేను తప్పించుకున్నా అనుకున్న ఇంజెక్షన్ 31 ఏళ్లకి మళ్లీ నా దగ్గరికే వచ్చింది, ఈసారి లోహపు వాల్వునీ వార్ఫరిన్నీ వెంటబెట్టుకుని. మీ తమ్ముడు మాట్లాడతానంటే ఇక్కడ మెసేజ్ పెట్టు, నేను మాట్లాడతా. భయపెట్టను. వాడు అడిగింది చెప్తా.


ఎకో_గది:

లోహపు వాల్వ్ గారు, మీరు రాసింది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. 14 పేద, మధ్య ఆదాయ దేశాల్లో 3,343 మంది ఇలాంటి రోగుల్ని గమనించిన రెమెడీ అనే అధ్యయనం ఉంది. వాళ్లలో దాదాపు సగం మంది 28 ఏళ్లలోపువాళ్లే, మూడింట రెండొంతులు ఆడవాళ్లు. కాపాడే పెన్సిలిన్ అందుతున్నది సగానికి కాస్త పైన మందికి మాత్రమే. రెండేళ్లలో దాదాపు 17 శాతం మంది చనిపోయారు. వీళ్లలో చాలామంది ఆపరేషన్ గది దాకా రానేలేదు.

మీరు వార్ఫరిన్ వాడటం కష్టమన్నారు, పరీక్షలు అక్కర్లేని కొత్త మందులకి మారిపోదామని కొందరు అడుగుతుంటారు. లోహపు వాల్వ్ ఉన్నవాళ్లకి అవి పనికిరావు. వాల్వ్ మార్చకపోయినా ఈ జబ్బుతో గుండె లయ తప్పినవాళ్లలో కూడా 2022లో వచ్చిన ఇన్విక్టస్ ట్రయల్‌లో కొత్త మందు రివరాక్సబాన్ కన్నా వార్ఫరిన్ రకం మందుల మీద ఉన్నవాళ్లే ఎక్కువమంది బతికారు. ఎవరి మాటా విని మార్చకండి.


బడి_దగ్గర:

నేను టీచర్ని, పిల్లాడి కుంటుడు గురించి చదివి రాస్తున్నా. రెండు మాటలు.

ఒకటి. కొన్నేళ్ల క్రితం మా క్లాసులో ఒకమ్మాయి, చక్కటి చేతిరాత. ఉన్నట్టుండి అక్షరాలు వంకర పోయాయి, పెన్ను చేతిలోంచి జారిపోయేది, ప్లేటు పట్టుకుంటే పడేసేది, మొహం చిట్లిస్తూ ఉండేది, ఊరికే ఏడ్చేసేది. వేషాలేస్తోందని నేనే బయట నిలబెట్టాను. అది కూడా ఈ జ్వరం తాలూకు లక్షణమేనని, కొరియా అంటారని, ఆడపిల్లల్లో ఎక్కువని, గొంతు నొప్పి వచ్చిన నెలల తర్వాత కూడా రావచ్చని చాలా ఆలస్యంగా తెలిసింది. అప్పటికే గుండెలో లీకు. టీచర్లు ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి గుర్తుపెట్టుకోండి, చేతులు అదుపు తప్పిన పిల్లని తిట్టకండి, డాక్టరుకి చూపించండి.

రెండు. ఇంజెక్షన్ రోజు మర్నాడు మీ తమ్ముణ్ణి ఏడిపించకుండా చూడటం టీచరు పని. వెళ్లి క్లాస్ టీచరుకి ఒక్కరికే చెప్పండి, కార్డు చూపించండి. మెత్తటి సీటుకో, నిలబడి రాసుకోవడానికో ఆ రెండు రోజులు ఒప్పుకోనివారు ఎవరూ ఉండరు. ఇంకా, గొంతు నొప్పీ జ్వరమూ ఉండి దగ్గూ జలుబూ లేని పిల్లాడు కనిపిస్తే ఇంటికి పంపేసి ఊరుకోకుండా చూపించమని చెప్పాలి.


ఇంజెక్షన్_రూమ్_నర్స్:

టీచర్ గారు ఆ చివరి మాట బంగారం. గొంతు నొప్పి మొదలైన 9 రోజుల్లోపు పెన్సిలిన్ మొదలుపెట్టినా కీళ్లవాత జ్వరం రాకుండా ఆపొచ్చు. ఒక్క ఇంజెక్షన్, లేదా 10 రోజులు బిళ్లలు. మూడో రోజుకి జ్వరం పోయిందని ఆపేస్తారు చూడండి, అక్కడే పోతుంది.


రాత్రి_డ్యూటీ:

డాక్టరు గారు థాంక్స్. ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. ఇంకొక్కటి అడుగుతాను. మా పిన్ని కూతురికి ఏ లక్షణమూ లేదు, బడిలో ఎకో తీసే క్యాంపు పెడితే అందులో కొంచెం మార్పు ఉంది అన్నారట. అలాంటి పిల్లకి కూడా ఈ ఇంజెక్షన్లు మొదలుపెట్టాలా? స్టెతస్కోపుతో చూస్తే ఏమీ వినపడలేదట.


ఎకో_గది:

స్టెతస్కోపుకి వినపడకపోవడం మామూలే. 2007లో కంబోడియా, మొజాంబిక్ బడి పిల్లల్లో చూస్తే స్టెతస్కోపుకి దొరికిన దానికన్నా ఎకోలో దాదాపు 10 రెట్లు ఎక్కువ మంది తేలారు. ఆ పిల్లలకి ఇంజెక్షన్ వేస్తే ఉపయోగం ఉందా అని చాలా ఏళ్లు ఎవరికీ తెలీదు. ఉగాండాలో లక్షమందికి పైగా పిల్లలకి స్క్రీనింగ్ చేసి, ఇలా లోపల దాగిన జబ్బు ఉన్న 818 మందిని రెండు గుంపులు చేసి రెండేళ్లు చూశారు. ఇంజెక్షన్ పడిన గుంపులో జబ్బు ముదిరింది ముగ్గురికి, పడని గుంపులో 33 మందికి. గోల్ ట్రయల్ అంటారు దాన్ని. ఇంజెక్షన్ పడకపోయినా చాలామందికి ముదరలేదని కూడా ఆ లెక్కలోనే కనిపిస్తుంది, కాబట్టి క్యాంపులో తీసిన ఎకో ఒక్కదాన్నే నమ్మి మొదలుపెట్టకుండా పెద్ద మెషీన్ మీద ఇంకోసారి తీయించి, పిల్ల గుండె చూసే డాక్టరుతో కూర్చుని నిర్ణయించుకోండి. వదిలేయడం మాత్రం చేయకండి.

ఇది చేతకాని పని కాదండీ. క్యూబాలో పినార్ దెల్ రియో అనే ప్రాంతంలో 1986 నుంచి 10 ఏళ్లు ఒక పని చేశారు. కొత్త మెషీన్లు లేవు, కొత్త మందు లేదు. గొంతు నొప్పికి వైద్యం, జబ్బు ఉన్న ప్రతి ఒక్కరి పేరూ ఒక రిజిస్టర్లో, ఇంజెక్షన్‌కి రాకపోతే ఎందుకు రాలేదని వెతుక్కుంటూ వెళ్లడం, బడుల్లో చెప్పడం. పిల్లల్లో కీళ్లవాత జ్వరం లక్షకి 18.6 నుంచి 2.5కి పడిపోయింది. 2018లో ప్రపంచ ఆరోగ్య సభ దీని మీద తీర్మానం కూడా చేసింది. నా వరకు తీర్మానం కన్నా ఆ రిజిస్టరే ముఖ్యం. తమ్ముడి_అక్క గారు, మీ వాడి ఇంజెక్షన్ తప్పినప్పుడు మీ ఇంటికి ఒక్క ఫోన్ అయినా వచ్చిందా? తేదీ గుర్తుపెట్టుకునే బరువంతా ఒక 13 ఏళ్ల పిల్లాడి మీదా, కూలి పోగొట్టుకునే ఒక అమ్మ మీదా వేసేశాం. అది మా వైపు తప్పు.


తమ్ముడి_అక్క:

ఫోన్ రాలేదు సార్.

మూడు రోజులుగా అందరివీ చదువుతున్నా, లేటుగా రాస్తున్నందుకు ఏమనుకోకండి. నర్సు అక్క చెప్పినట్టు ముందు అమ్మకి చెప్పాను. మంచాల సంగతి కూడా చదివి వినిపించా, సైనికులకి కూడా వచ్చిందా అని రెండుసార్లు అడిగింది.

లోహపు వాల్వ్ అక్కతో తమ్ముడు నిన్న రాత్రి మాట్లాడాడు. తలుపు దగ్గరికేసుకుని మాట్లాడాడు, ఏం అడిగాడో నాకు తెలీదు, నేను అడగలేదు. వచ్చి "ఆ అక్క గుండె నిజంగానే టిక్ టిక్ అంటోంది, ఫోన్లో వినిపించింది" అన్నాడు.

ఇవాళ పొద్దున నా షిఫ్ట్ మార్చుకుని నేనే తీసుకెళ్లా. ముందే ఫోన్ చేశా, స్టాక్ ఉంది. లిగ్నోకెయిన్ గురించి డాక్టరుని అడిగితే సరే అని రాశారు, ఇన్నాళ్లూ మేం అడగలేదు అంతే. ఎడమ పక్క అని వాడే చెప్పాడు. నర్సు గారు బొటనవేలితో నొక్కి పట్టుకుని మెల్లగా వేశారు, నేను ఫోన్లో చూశా, రెండు నిమిషాల పది సెకన్లు. ఏడవలేదు. పడుకున్నంతసేపూ నా వేలు పట్టుకున్నాడు, లేచాక వదిలేసి ముందు నడిచాడు. ఇప్పుడు కొంచెం కుంటుతున్నాడు కానీ పోయినసారంత లేదు.

తర్వాతి తేదీ కార్డు మీద రాయించుకున్నా, గోడ మీద కూడా వాడితోనే రాయించా. ఒక సందేహం మిగిలింది నర్సు అక్కా, 20వ రోజు బడికి సెలవు, ఆ రోజే వేయించేస్తే పర్లేదా?


ఇంజెక్షన్_రూమ్_నర్స్:

పర్లేదు చెల్లీ, ఒకటి రెండు రోజులు ముందైతే ఏం కాదు. ఆలస్యం మాత్రం వద్దు. సాయంత్రం గడ్డ దగ్గర గోరువెచ్చటి గుడ్డతో కాపడం పెట్టు, వాణ్ణి కాసేపు నడిపించు.